మూడు దాటితే చార్జింగ్ లేదు

“ఆపరేషన్ సీతాఫలం,” అన్నాడు చీఫ్ ప్రేమ్‌సాగర్. “తెరచాప పడవ. మూడు రోజులు.”

నార్కట్‌పల్లి జంక్షన్‌లో హైవే పక్క హోటల్. కృష్ణకాంత్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. వయసు యాభై మూడు. సర్వీసు ఇరవై ఆరేళ్ళు. మెడకు పట్టీ. రిటైర్మెంట్ ఇప్పించమంటే రేడియో ఇచ్చి పంపే డిపార్ట్‌మెంట్ ఆయనది.

“పడవల పండేటందుకు జాగ ఉన్నదా సార్?”

“పండేటందుకు పంపుతలేను.”

బ్రీఫింగ్ రెండు నిమిషాల్లో ముగిసింది. నాగార్జునసాగర్ జలాశయంలో ఓ హౌస్‌బోటు. అందులో టూరిస్టుల వేషంలో ఒక విదేశీ ముఠా. వాళ్ళ దగ్గర మన క్షిపణి పరీక్షల షెడ్యూలున్న పెన్‌డ్రైవ్. వాళ్ళ మధ్య మన మనిషి, డబుల్ ఏజెంట్ స్వరూప. ఆమె పెన్‌డ్రైవ్ కాజేసి, చెవికమ్మలో దాచిన రేడియోలో కోడ్ పలుకుతుంది. కృష్ణకాంత్ జవాబు చెప్పగానే నీళ్ళలోకి దూకుతుంది. అదే జవాబు విని, కొండ మలుపులో దాగిన పోలీసు లాంచీలు కదులుతాయి.

“జవాబు రాకుంటే?”

“దూకదు. దూకినా ఆదుకునేవాళ్ళుండరు. చీకటి పడేలోగా దొంగ ఎవరో వాళ్ళకు తెలిసిపోతది.”

 ఎనిమిదేళ్ళ కింద మహబూబ్‌నగర్‌లో స్వరూపను ఈ పనిలోకి దించింది కృష్ణకాంతే. “ఎక్కడి నుంచి పిలిచినా పలుకుత” అని ఆ రోజు మాటిచ్చాడు. ఇలాంటి మాటలు ఇచ్చేటప్పుడు తేలికే. మోసేటప్పుడే నడుం విరుగుతుంది.

పడవ గుర్వమ్మది. అరవై ఏళ్ళ మనిషి, ఆ నీళ్ళ మీదే చేపలు పట్టి బతికింది. పడవకు ఇంజను లేదు, కాబట్టి చప్పుడు లేదు. అందుకే దాన్ని ఎంచుకున్నారు. రేడియోకు ఒక పాత బ్యాటరీ, దాన్ని చార్జ్ చేయడానికి పైకప్పు మీద ఒకే ఒక సోలార్ పలక. కొత్త బ్యాటరీ అడిగితే ఫైలు నడుస్తోందన్నారు. ఆ ఫైలు నడక నత్తను కూడా సిగ్గుపడేలా చేస్తుంది.

మొదటి రోజు మధ్యాహ్నం స్వరూప వచ్చింది. ఎర్ర చీర, నల్ల కళ్ళద్దాలు, చేతిలో కెమెరా. దేశవాళీ పడవతో ఫొటో దిగాలన్న నెపం. కళ్ళద్దాలు తీస్తే కళ్ళ కింద నల్లటి చారలు.

“ఎల్లుండి నాలుగింటికి అన్నా,” అంది నవ్వు చెదరకుండా. “నా మీద అనుమానం పడ్డరు. మళ్ళ మాట్లాడనీయరు.”

“ఉంట.”

“ఉంటవు గద?”

“ఉంట అన్న గద బిడ్డా.”

మర్నాడు మధ్యాహ్నం మూడు దాటగానే చార్జింగ్ ఆగిపోయింది. డబ్బా మీది మీటరు సున్నా చూపింది. పైన ఎండ మాడ్చేస్తోంది! వైర్లు లాగి చూశాడు. గట్టిగానే ఉన్నాయి. ఫ్యూజు బాగుంది. టెర్మినళ్ళకు పట్టిన తెల్లటి చిలుమును వేడి నీళ్ళతో కడిగి, గీకి, బిగించాడు. సున్నా కదల్లేదు.  హెడ్‌క్వార్టర్స్ వాళ్ళిచ్చిన చేతిగడియారం మూడు దేశాల టైము చెబుతుంది, విషం ఉన్న చాయ్‌ను పసిగడుతుంది. బ్యాటరీకి ఏం రోగమో మాత్రం చెప్పదు.

రేడియోలో చీఫ్ గొంతు: “స్వరూప పడవెక్కినంక పాడైందా? ఆమెనే ఏదో చేసింది. డబుల్ ఏజెంట్లను నమ్మొద్దు. రేపటికి బాగుకాకపోతే ఆమెను వదిలేసి వచ్చేయ్. ఆర్డర్.”

కృష్ణకాంత్ రేడియో కట్టేశాడు. ఆ రాత్రి పడవ మీద పడుకున్నాడే గానీ కన్ను మూతపడలేదు. నిజంగానే ఆమె చేసిందా? అలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం పుట్టింది.

మూడో రోజు. పొద్దున మళ్ళీ చార్జింగ్ ఎక్కింది. మధ్యాహ్నం మూడున్నర. మీటరు సున్నా. బ్యాటరీ పదకొండు వోల్టులకు దిగింది. రేడియో గురగురమని ఆరిపోయింది.

“పొద్దుగాల మంచిగనే ఎక్కుతది,” అంది గుర్వమ్మ, చుక్కాని పట్టుకుని. “మూడు గొట్టంగనే సస్తది. పొద్దు గా దిక్కు వాలంగనే. గదేందో మరి.”

కృష్ణకాంత్ చేతిలోని స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. పొద్దు వాలగానే! తప్పు వైర్లలో లేదు. పైన ఉంది. రెండు రోజులుగా ఆయన కిందికే చూస్తున్నాడు, మెడ పైకి లేవదు మరి. ఉస్సురంటూ పైకప్పు ఎక్కి వెల్లకిలా పడుకున్నాడు.

తెరచాప కొయ్యకు ఉట్టిలో ఓ బూడిద గుమ్మడికాయ వేలాడుతోంది. పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి ఉంది. దాని నీడ సరిగ్గా సోలార్ పలక మీద. పలకలో గళ్ళన్నీ ఒకదానికొకటి గొలుసుకట్టు. ఒక్క గడి మీద నీడ పడినా మొత్తానికి కరెంటు బంద్.

“గిదేందవ్వా!”

“దిష్టి గుమ్మడికాయ. గా రోజు గంత సక్కని పిల్ల పడవెక్కింది. దిష్టి తగలదా? పొద్దూకినంక కట్టిన.”

కృష్ణకాంత్ కత్తి తీశాడు. గుర్వమ్మ చుక్కాని వదిలి లేచింది.

“ముట్టకు సారూ! ఎవలకోసం కట్టిన్నో ఆళ్ళకే తగుల్తది. గా పిల్లకే.”

ఇలాంటివి ఆయన నమ్మడు. అయినా చెయ్యి ముందుకు పోలేదు. గడియారంలో మూడూ యాభై రెండు.

“సరే, కొయ్యను. పడవ మలుపు.”

“మలిపితే సక్కగ ఆళ్ళ పడవ ముంగటికే పోతం. అందరికీ కనబడ్తం.”

“కనబడనియ్ అవ్వా.”

గుర్వమ్మ తాడు లాగింది. పాత చీరలు కలిపి కుట్టిన తెరచాప ఈ వైపు నుంచి ఆ వైపుకు ఫట్‌మని తిరిగింది. గుమ్మడికాయ నీడ పలక అంచుకు జారి, నీళ్ళలో పడింది. మీటరు సున్నా నుంచి రెండుకు, నాలుగుకు ఎక్కింది. మూడూ యాభై ఎనిమిది. రేడియోలో దీపం వెలిగి, ఆరి, వెలిగింది. హౌస్‌బోటు మీద ఒకడు బైనాక్యులర్ ఎత్తి ఇటు చూశాడు.

“సీతాఫలాలు పండినయా?” సన్నని గొంతు, వణుకుతోంది.

మైకు నొక్కాడు. దీపం ఆరింది. కృష్ణకాంత్ కళ్ళు మూసుకుని, ఏ దేవుడో గుర్తురాక, “నీ యవ్వ, ఎక్కవే!” అన్నాడు.

“అన్నా... పండినయా?” ఆమె వెనుక ఎవరో అరుస్తున్నారు. పరుగెత్తుతున్న అడుగులు.

దీపం వెలిగింది.

“పండినయ్! బుట్ట పట్టుకొని నిలబడ్డ! దూకు!”

ఎర్ర చీర రెయిలింగ్ మీంచి ఎగిరింది. రెండు తుపాకులు పేలాయి, నీళ్ళు చిందాయి. లాంచీలు సైరన్లతో మలుపు దాటాయి.

పదిహేను నిమిషాలకు గుర్వమ్మ ఆమెను జుట్టు పట్టి పడవలోకి లాగింది. ముఠా చేతులెత్తి నిలబడి ఉంది. స్వరూప కొంగు ముడి విప్పి, ప్లాస్టిక్ సంచిలో చుట్టిన పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టింది. పళ్ళు కొట్టుకుంటున్నాయి. కృష్ణకాంత్ తన దుప్పటి కప్పాడు.

“రెండుసార్లు పిలిచిన,” అంది. “నువ్వు లేవనుకున్న అన్నా.” అప్పుడు ఏడ్చింది. ఎనిమిదేళ్ళలో ఆమె ఏడవడం ఆయన చూడలేదు.

రేడియో గణగణలాడింది. “శభాష్ కృష్ణకాంత్! మంచి అమ్మాయి. ముఠా రెండో శాఖ కోస్గిలో ఉంది. ఈ సంగతి వాళ్ళ చెవిన పడేలోపు ఆమెను అక్కడికి పంపు. బట్టలు ఆరేదాకా ఆగొద్దు. ఇప్పుడే!”

స్వరూప తలెత్తి చూసింది. కృష్ణకాంత్ మీటరు చూశాడు. చార్జింగ్ జోరుగా ఎక్కుతోంది.

“ఏంది సార్? వినబడ్తలేదు,” అన్నాడు. “బ్యాటరీ సచ్చిపోతాంది.”

తీగ పీకేసి, ఆమె పక్కనే నడుం వాల్చాడు.