చెవి తెగిన మేక

రాయదుర్గంలో ఆర్డర్లు లేక మూతబడ్డ జీన్స్ కుట్టు యూనిట్ ఒకటుంది. చీకటి పడ్డాక దాని వెనక కిటికీ వైపు చూడాలంటే మగాళ్లకే హడల్. జేబుల మీద కుట్టే డిజైన్లు గీసే వీరేష్ జ్వరంతో ఆ కిటికీ గదిలోనే, కుర్చీలోనే పోయాడు. అప్పట్నుంచీ రాత్రయితే ఆ కిటికీలో వెలుగులు... ఓసారి ఎర్రగా, ఓసారి పచ్చగా. ఇద్దరు వాచ్‌మన్లు చెప్పాపెట్టకుండా పారిపోయారు.

ఇది నాకు చెప్పింది కంప్యూటర్లు బాగుచేసే రంగన్న. కోతలు కోయడంలో మొనగాడే గానీ, ఇది చెప్పేటప్పుడు మాత్రం తల దించుకున్నాడు.

రెండువేల తొమ్మిదిలో ఓనరు వీరేష్ వాడిన కంప్యూటర్ అమ్మేసి, దాన్ని తెమ్మని రంగన్నను పంపాడు. షాపు కట్టేసి పోయేసరికి రాత్రి ఎనిమిది. తలుపు తోశాడు — తాళం లేదు.

లోపల లైటు లేదు. కీబోర్డు ఒక్కటే వెలుగుతోంది. బెంగళూరు నుంచి తెప్పించిన ఖరీదైన రకం అది. బటన్ బటన్‌కీ ఓ బుల్లి తెర, ఏ బొమ్మ కావాలంటే ఆ బొమ్మ పెట్టుకోవచ్చు. అక్షరాలు పోయి పూలొచ్చాయి... పూలు పోయి సీతాకోకచిలుకలు...

దాని ముందు ఎవరో కూర్చున్నారు.

రంగన్న గుమ్మం పట్టుకుని ఓ అడుగు వెనక్కి వేశాడు.

"ఎవరప్పా..." అందా ఆకారం, గుసగుసగా. "నేను, సుంకప్పను. వీరేష్ నాయన్ను."

కొడుకు జేబులో దొరికిన తాళంచెవితో రోజూ వచ్చి స్విచ్ వేసేది ఈయనే! రంగన్నకు ప్రాణం లేచొచ్చింది, వెంటనే ఒళ్లు మండింది.

"ఏం పెద్దాయనా, ఊరంతా దెయ్యమని సస్తాంటే నువ్వా!"

"నాకు సదువు రాదప్పా. అందుకే మావోడు ఈ బొమ్మ పెట్టినాడు. సూడు."

మూల బటన్ మీద మేక. ఒక చెవి తెగిన మేక.

"మా ఇంటిదే. 'ఇది నీ బటన్ నాయనా' అన్న్యాడు. దినమూ వచ్చి నొక్కుతాండా... ఏమీ పలకదు."

అది నొక్కితే తెర మీద మేక డిజైన్ తెరుచుకోవడం తప్ప ఇంకేమీ జరగదని రంగన్నకు తెలుసు. మానిటర్ ఎప్పుడో పాడైంది.

"ఓనరు తెమ్మన్న్యాడు..." అన్నాడు రంగన్న.

సుంకప్ప అడ్డం రాలేదు. ఇంకోసారి నొక్కి, చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. తర్వాత పక్కకు జరిగాడు.

రంగన్న వైరు పీకాడు. బొమ్మలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి.

చీకట్లో ముసలాయన చెయ్యి తడుముకుంటూ వచ్చి ఆ బటన్ల మీద ఆగింది.

"ఇంగా వెచ్చగానే ఉండాదప్పా... అప్పుడే తీసకపోతావా?"