పని అయిపోయింది

మా ఆఫీసులో అందరూ మాస్టారు అని పిలిచే ఆయన నిజానికి మాస్టారు కాదు. కంపెనీ వెబ్‌సైటు చూసుకుంటాడు. ఏది అడిగినా పాఠం మొదలుపెడతాడు కాబట్టి ఆ పేరు పడింది. లిఫ్టులు బాగుచేసే కంపెనీ మాది. ఫోన్లు ఎత్తడం నా పని, లిఫ్టుల కింద దూరి రిపేరు చేయడం మా అన్నయ్య పని. ఎన్నాళ్లీ ఫోన్లు ఎత్తడం అని విసుగొచ్చి, నాకూ ఆ విద్య కాస్త నేర్పమని నేనే ఆయన వెంటపడ్డాను.

మధ్యాహ్నం మూడింటికి మొదటి పాఠం. ఆఫీసులో మేమిద్దరమే ఉన్నాం. ఏసీ లోంచి తడిగుడ్డ వాసన వస్తోంది. ఏ మెకానిక్ ఎక్కడ ఉన్నాడో, పని ఎంతవరకు వచ్చిందో చూపించే పేజీ తెరిచి, కుడి క్లిక్ కొట్టి, ఇన్‌స్పెక్ట్ నొక్కమన్నాడు. పక్కనే ఇంకో గడి తెరుచుకుంది. పేజీ పేగులన్నీ, అంటే దాని వెనకున్న కోడంతా బయటపడింది.

"ఏదో ఒక మాట మీద రెండుసార్లు నొక్కి మార్చు. భయపడకు, నువ్వు మార్చింది నీకే కనబడుతుంది. రిఫ్రెష్ కొడితే మళ్లీ మామూలే," అని చెప్పి టీ తాగడానికి కిందికి వెళ్లాడు.

అన్నయ్య పేరుకి ఎదురుగా 'పని జరుగుతోంది' అని ఉంది. పొద్దున ఏమీ తినకుండానే వెళ్లాడు పాపం. త్వరగా తెమిలితే బాగుండు అనుకుంటూ 'జరుగుతోంది' తీసేసి 'అయిపోయింది' అని కొట్టాను.

పని అయిపోయింది.

చదివితే నాకే అదోలా అనిపించింది. మనిషి ఇక దక్కడు అనడానికీ అదే మాట వాడతాం కదా. నాలుక కరుచుకుని రిఫ్రెష్ కొట్టాను.

మారలేదు.

మళ్లీ కొట్టాను. బ్రౌజరు మూసి తెరిచాను. తలెత్తితే, అదే పేజీని ఆఫీసంతటికీ చూపించే గోడ మీది పెద్ద తెరలోనూ అదే మాట. ఆ తెరని నేను ముట్టుకోనేలేదు.

వెంటనే అన్నయ్యకి ఫోను చేసి, స్పీకరు పెట్టి కీబోర్డు పక్కన ఉంచాను.

"ఏంటే?" గొంతు బోలుగా వినిపించింది.

"ఎక్కడున్నావ్ అన్నయ్యా?"

"లిఫ్టు కింద గుంతలో."

"బయటికొచ్చెయ్."

"ఎందుకే? కరెంటు ఆపేసే దిగాను. మెయిన్ స్విచ్చు తాళంచెవి నా జేబులోనే..." ఆగాడు. "ఉండు."

ఇనుము ఇనుముని రాసుకుంటున్న చప్పుడు. సన్నగా... నిదానంగా...

"లిఫ్టు దిగుతోందే," అన్నాడు గుసగుసగా. "తలుపు తెరుచుకోవట్లేదు."

తోచిందల్లా ఒకటే. 'అయిపోయింది' చెరిపేసి 'జరుగుతోంది' అని కొట్టాను.

చప్పుడు ఆగింది.

ఊపిరి పీల్చుకునేలోపే ఆ లైను ఊదారంగులో ఒక్కసారి మెరిసింది. నేను కొట్టిన మాట ఒక్కో అక్షరమే చెరిగిపోయింది. దాని చోట మళ్లీ 'అయిపోయింది'. మళ్లీ ఇనుము చప్పుడు.

మళ్లీ కొట్టాను. మళ్లీ మెరిసింది...

మాస్టారు వచ్చేసరికి నా చేతులు చెమటతో జారుతున్నాయి. ఏడుస్తూనే చెప్పాను. తెర వంకా, ఫోను వంకా చూశాడు. ఈసారి పాఠం చెప్పలేదు. "నువ్వు ఆపకు. నేను వెళ్తున్నా," అని పరుగెత్తాడు. అన్నయ్య పనిచేసే బిల్డింగు రెండు వీధుల అవతలే.

మొదట్లో ఒకసారి కొడితే లిఫ్టు నాలుగు క్షణాలు ఆగేది. తర్వాత మూడు. తర్వాత రెండు.

"బోర్లా పడుకున్నాను," అన్నాడు అన్నయ్య. "వీపుకి జానెడు ఎత్తులో ఉంది. చెల్లీ... ఆపకే."

అప్పుడు టేబులు మీది ఆఫీసు ఫోను మోగింది. ఒంటిచేత్తో టైపు చేస్తూ ఎత్తాను. మాస్టారు.

"గాబరాపడకు. మీ అన్నయ్య బయటే ఉన్నాడు, బిల్డింగు ముందు నిలబడి ఉన్నాడు. తన ఫోను ఎక్కడో పోయిందట. గుంతలో లైటు వేసి మరీ చూశాను, ఖాళీ. తీసుకొస్తున్నా."

నా వేళ్లు ఆగిపోయాయి.

"ఆపావేంటే..." పక్కనున్న ఫోను గుసగుసలాడింది. వెనకాల ఇనుము కదిలింది.

మళ్లీ కొట్టడం మొదలుపెట్టాను. ఎవరి కోసం కొడుతున్నానో తెలియదు. ఆపే ధైర్యం మాత్రం లేదు.

కాసేపటికి మెట్ల మీద అడుగుల చప్పుడు. అన్నయ్య నా వెనక్కి వచ్చి నిలబడ్డాడు. అదే చొక్కా. అదే నవ్వు. ఏడుపు తన్నుకొచ్చింది. అయినా వేళ్లు ఆపలేకపోయాను. మాస్టారు గుమ్మం దగ్గరే ఉండిపోయాడు, లోపలికి రాలేదు.

"చాల్లేవే, ఇంక లే. ఇంటికెళదాం," అన్నాడు అన్నయ్య. నా చెయ్యి పట్టుకుని, ఒక్కో వేలూ కీబోర్డు మీంచి నెమ్మదిగా తీశాడు. ఎంత గింజుకున్నా విడిపించుకోలేకపోయాను.

తెర మీద లైను మెరిసింది. ఫోన్లో ఇనుము కదిలింది.

"చెల్లీ... నీ పక్కన ఎవరే?" అంది అందులోని గొంతు. "అచ్చం నా గొంతులా ఉందేంటి?"