నాలుగూ యాభై

వాల్‌బుర్గా పరుగున మెట్లెక్కి రైట్స్ గదిలోకి వచ్చింది. స్టుట్‌గార్ట్‌లో ఇంగ్లీషు రాయబారి ఇంట పదకొండేళ్ళుగా గదులూడ్చి, పొయ్యిలు రాజేసే మనిషి.

"నేను దొంగనట బాబూ! మధ్యాహ్నానికి పోలీసులకి అప్పజెప్తారట," అంది ప్రైవేట్ డిటెక్టివ్ రైట్స్‌తో.

మన రాజుగారు కొత్త ఫిరంగులు చేయిస్తున్నారని రాయబారి సర్ ఆల్జెర్నాన్ సోమవారం తేదీతో లండన్‌కు రహస్య నివేదిక పంపాడు. అదే కబురు మంగళవారం ఊరి పత్రికలో వచ్చింది. రష్యా రాయబారి విందులో దాన్ని చెప్పి పగలబడి నవ్వాడట. నివేదిక రాసిన గదిలోకి పనిమనుషుల్లో వెళ్ళేది ఈమె ఒక్కతే కనుక దొంగ ఈమేనని దొర తేల్చేశాడు. పదకొండేళ్ళు ఇక్కడి తిండి తిని, ఇక్కడి జర్మన్ భాషలో మంచినీళ్ళు కూడా అడగలేని ఘనుడు. తేల్చడంలో మాత్రం దిట్ట.

రైట్స్ తన సహాయకుడు ఓట్మార్‌ని వెంటబెట్టుకుని రాయబారి ఇంటికి వెళ్ళాడు. ఓట్మార్ ఒకప్పుడు లెక్కల మాస్టారు. రైట్స్ ఏం చేసినా నోరు తెరుచుకుని చూస్తాడు.

"నివేదిక రాసిందెవరు?" అని ఇంగ్లీషులో అడిగాడు రైట్స్.

"నా సెక్రటరీ టఫ్నెల్. దర్బారులో అతనికో రహస్య మిత్రుడున్నాడు. సోమవారం విన్నాడు, సోమవారమే రాశాడు. నకలు మీద తేదీ చూసుకో," అన్నాడు దొర, కూర్చోమని కూడా అనకుండా.

"తేదీ వేసింది?"

"అతనే. ఇంకెవరు, నువ్వా?"

"వాల్‌బుర్గాకి ఇంగ్లీషు వచ్చా?"

"మీవాళ్ళకి అన్నీ వచ్చు. రానట్టు నటిస్తారంతే."

నకలులో 45 ఫిరంగులని అంకెల్లో ఉంది. పత్రికలో యాభై నాలుగని అక్షరాల్లో ఉంది. రైట్స్ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూసి, టఫ్నెల్‌నీ వాల్‌బుర్గానీ పిలిపించాడు.

పత్రిక టఫ్నెల్ చేతికిచ్చాడు. "ఇందులో ఎన్ని ఫిరంగులో దొరగారికి చెప్పండి."

"నలభై ఐదు," అన్నాడు టఫ్నెల్ ఠక్కున.

ఓట్మార్ కిసుక్కుమన్నాడు.

"మా జర్మన్‌లో చిన్న అంకె ముందు పలుకుతాం దొరా. యాభై నాలుగుని 'నాలుగూ యాభై' అంటాం. మీవాడు నాలుగు ముందుంది కదాని నలభై ఐదు చేశాడు. ఈవిడ మీ నివేదిక దొంగిలించి ఉంటే పత్రికలోనూ నలభై ఐదే ఉండాలి. కబురు ఇక్కణ్ణుంచి పత్రికకి పోలేదు, పత్రిక నుంచే ఇక్కడికొచ్చింది. తేదీ ఒకరోజు వెనక్కి వేశారు. ఆ దర్బారు మిత్రుడు ఈ పత్రికే."

టఫ్నెల్ ముఖం సున్నం కొట్టినట్టయింది. "దర్బారులో నాతో ఎవరూ మాట్లాడరు సార్," అని గొణిగాడు.

"ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పాను, నాకు తట్టలేదే!" అన్నాడు ఓట్మార్.

దొర నకలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఇది లండన్‌కి తెలియకూడదు," అన్నాడు. "ఆవిణ్ణి పనిలోకి రమ్మను." అంతే. పొరపాటైందన్న ఒక్క మాట లేదు. సిగ్గన్నది ఆ ఇంట ఎవరికీ ఉన్నట్టు లేదు.

రైట్స్ ఆ మాట మన భాషలో చెప్పాడు. వాల్‌బుర్గా ఏప్రన్ విప్పి బల్ల మీద పెట్టింది.

"రోజూ ఆ పేపర్ చదివాకే చింపి మీ పొయ్యి రాజేసేదాన్ని దొరా. ఒక్కసారి అడిగుంటే చదివి చెప్పేదాన్ని కదా!"

"ఏమంటోంది?" అన్నాడు దొర.

రైట్స్ టోపీ పెట్టుకున్నాడు. "మీ సెక్రటరీని అడగండి."