మిల్లు చెవికప్పులు

శనివారం ఉదయం కూతురు నూరా ఇంట్లో మెర్యా గంజి కలుపుతోంది. భర్త జార్మోతో కలిసి నిన్ననే రైల్లో హెల్సింకి వచ్చింది. వారాంతం పిల్ల దగ్గర గడుపుదామని అతనే పట్టుబట్టాడు. కాళ్ళు జిల్లుమంటున్నాయని ఉన్ని మేజోళ్ళ కోసం అతని సంచిలో చెయ్యి పెడితే ఎర్రటి చెవికప్పులు తగిలాయి. కాగితం మిల్లులో మోత తగలకుండా పెట్టుకునేవి. వాటి కింద పుర్రె బొమ్మ ఉన్న నల్ల చొక్కా.

మెర్యా చెవికప్పులు తెచ్చి బల్ల మీద పెట్టింది.

“కూతురింటికొస్తూ ఇవెందుకు తెచ్చావ్? ఇక్కడేమైనా మిల్లు నడుస్తోందా?”

జార్మో ఆమె పెదాలనే చూస్తున్నాడు. రెండు నెలలుగా అతనికి అదే అలవాటు. బదులు మాత్రం నూరా చెప్పింది.

“టికెట్లు నేనే తీశానమ్మా. సాయంత్రం ఆరింటికి. మీసాలు రాకముందు నుంచీ నాన్న వింటున్న హెవీ మెటల్ బ్యాండు. ఇదే వాళ్ళ ఆఖరి కచేరీ.”

“డాక్టరు ఏమన్నాడో చెప్పాడా మీ నాన్న?”

నూరా తండ్రి వైపు చూసింది. అతను తల వంచుకున్నాడు.

“కుడి చెవిని మిల్లు మింగేసింది. ఎడమది సగమే మిగిలింది. ఇంకో పెద్ద మోత పడితే అదీ దక్కదన్నాడు” అంది మెర్యా.

“నాన్నా! నాకెందుకు చెప్పలేదు?”

“చెప్తే టికెట్లు తీసేదానివా?” అన్నాడు జార్మో. “కప్పులు పెట్టుకునే నిలబడతాను.”

“మిల్లులోనూ పెట్టుకున్నావ్! ఏం ఒరిగింది?”

జార్మో కాఫీ కప్పు పక్కకు తోశాడు. “ముప్పయ్యేళ్ళు ఆ మిషను పక్కన నిలబడ్డాను. ఆ మోతంతా ఇంటి కోసం. నాకు నచ్చిన మోత రెండు గంటలు వింటే తప్పా? పోతే నా చెవేగా పోయేది!”

“నీ ఒక్కడిదేనా అది? పొద్దున్న లేస్తే నేనెవరితో మాట్లాడాలి? ఇక గోడలతో చెప్పుకోవాలా?”

గంజి అడుగంటిన వాసన వస్తోంది. నూరా లేచి పొయ్యి ఆపింది. జార్మో చెవికప్పులను భార్య ముందుకు జరిపాడు.

“నువ్వెళ్ళు నూరాతో. నేను సముద్రం ఒడ్డున తిరుగుతుంటాను.”

“వెళ్ళననుకున్నావా? వెళ్తాను!”

అతను కోపంలో అన్నాడు, ఆమె అంతకంటే కోపంలో ఒప్పుకుంది. మాట నెగ్గినందుకు ఆమెకు సంతోషమేమీ కలగలేదు.

సాయంత్రం కచేరీ హాలు నిండా జుట్టు విరబోసుకున్న ఆజానుబాహులు. చెవికప్పులు పెట్టుకున్న మెర్యాని చూసి ఒక గడ్డమాయన పక్కకు జరిగాడు. “ముందుకు రండి అమ్మా, అక్కణ్ణించి మీకేం కనబడదు” అని సైగ చేసి మరీ చోటిచ్చాడు. అయిదు పాటలు పళ్ళు బిగించి భరించింది. ఆరోది నెమ్మదిగా మొదలైంది. ఎందుకో ఒక కప్పు కాస్త పైకెత్తింది.

ఆ వరస ఆమెకు తెలుసు. నూరాకు పళ్ళొచ్చేటప్పుడు రాత్రంతా ఏడిస్తే, జార్మో పిల్లను భుజానేసుకుని వసారాలో తిరుగుతూ తీసిన కూనిరాగం అదే. ‘ఆపు నీ అపస్వరం’ అని అప్పట్లో తనే కసిరింది. అది వీళ్ళ పాటని ఇన్నేళ్ళూ తెలియనే తెలియదు.

“ఇప్పుడే వస్తా” అని నూరా భుజం తట్టి, మెర్యా జనాన్ని తోసుకుంటూ బయటపడింది.

బయట ఇంకా ఎండ ఉంది. హాలు వెనక, సైకిళ్ళ పక్కన, జార్మో ఇటుక గోడకు అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. విప్పిన కోటు లోపల నల్ల చొక్కా. సముద్రం వైపు అసలు వెళ్ళనే లేదు. మెర్యాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పిలిచినా వినబడదని దగ్గరికెళ్ళి చెయ్యి తాకింది.

అతను ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. “లోపలికి రాలేదు మెర్యా. ఒట్టు.”

ఆమె ఆ చేతిని మళ్ళీ గోడ మీద పెట్టి, తన చెయ్యి పక్కనే ఆనించింది. ఇటుకలు సన్నగా అదురుతున్నాయి.

“ఇప్పుడు ఏ పాట?” పెదాలు స్పష్టంగా కదిలిస్తూ అడిగింది.

జార్మో గోడను చేత్తోనే విన్నాడు.

“మన నూరాని నిద్రపుచ్చినదే.”

అని మెల్లగా కూనిరాగం అందుకున్నాడు. అప్పటిలాగే అపస్వరం. మెర్యా అతని ఎడమ భుజానికి తల ఆనించి, ఈసారి చివరిదాకా వింది.