గోడకు అటూ ఇటూ

"ఆ ఇంట్లో చీమ చిటుక్కుమన్నా నీకు వినిపించాలి," అన్నాడు గోపాలస్వామి.

1943. మదనపల్లె పొలిమేరలో ఆగిన కారు. గోపాలస్వామి మద్రాసు సీక్రెట్ బ్రాంచిలో పెద్ద అధికారి. పక్కన కూర్చున్నది అతని ఏజెంటు వరప్రసాద్.

"టార్గెట్ దయామణి. రంగూన్ మీద బాంబులు పడ్డప్పుడు తప్పించుకొచ్చింది. అందగత్తె. ఆదివారాలు చర్చిలో పాడుతుంది. కుప్పం మీదుగా పోయే మిలిటరీ రైళ్ల సమాచారం జపాన్ గూఢచారుల రింగుకు చేరుతోంది. చేరవేసేది ఆమే."

"అరెస్టు చేయొచ్చుగా సార్?"

"ముందు విను. ఏం మాట్లాడినా రాయి."

వరప్రసాద్ గ్రామఫోన్ రిపేరువాడి వేషంలో పక్కిల్లు అద్దెకు తీసుకున్నాడు. ఆమె బయటికి వెళ్లినప్పుడు గోడలోంచి వైరు లాగి, ఆమె రేడియో వెనక మైక్రోఫోన్ అమర్చాడు.

వారాలు గడిచాయి. రింగు గురించి ఒక్క మాటా లేదు. జైల్లో ఉన్న తమ్ముడు బర్నబాస్ కోసం ఆమె చేసే ప్రార్థన, పనిమనిషి మార్తమ్మతో కీచులాట, దీపం ఆర్పాక ఏడుపు. అంతే. హెడ్‌ఫోన్లు తీసేసినా ఆ ఏడుపు చెవుల్లోంచి పోయేది కాదు. వీధిలో ఎదురైతే ఆమె ముఖం చూడలేక తల దించుకునేవాడు.

ఒకరోజు గోపాలస్వామి అతని గదికే వచ్చి రిపోర్టు తిరగేశాడు.

"దీపం ఆర్పాక ఏం చేస్తుందో లేదే?"

"ఏడుస్తుంది సార్. అది నేను రాయను."

"నువ్వు రాయనన్న సంగతి నేను రాసుకుంటాను."

తర్వాతి ఆదివారం పొద్దున్నే గోపాలస్వామి మళ్లీ వచ్చాడు. "చర్చికి వెళ్లు. ఆమె ఎవరితో మాట్లాడుతుందో చూడు. నేనిక్కడ ఉంటాను." వరప్రసాద్ వెళ్లాడు. దయామణి చర్చికి రాలేదు. తిరిగొచ్చేసరికి గది ఖాళీ. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు.

"వరప్రసాద్ గారూ, వచ్చినారా?"

ఆమె నేరుగా మైక్రోఫోన్‌తోనే మాట్లాడుతోంది.

"మీ అద్దం వెనక సూడండి."

అద్దం తీశాడు. గోడలో మరో మైక్రోఫోన్. దాని వైరు ఆమె ఇంటివైపే పోతోంది.

గోడ దగ్గరికి వెళ్లి మెల్లగా అడిగాడు. "ఎవరు పెట్టించారు?"

"గోపాలస్వామే. పక్కింట్లో జపాన్ గూఢచారి ఉండాడు, విను అన్నాడు. వినకుంటే మా తమ్ముణ్ణి వదలనన్నాడు. మీరు నిద్దట్లో అమ్మా అని పిలిచేది గూడా విన్నానప్పా."

వరప్రసాద్ ఆ వైరు వైపు చూశాడు. ఇన్నాళ్లూ తాను బోను బయట ఉన్నాననుకున్నాడు.

"నేను చర్చికి పొయ్యుంటానని ఆయన అనుకున్నాడు. జ్వరమొచ్చి ఇంట్లోనే ఉండిపోయినా. మీ గదిలో ఒక మనిషితో మాట్లాడినాడు. గుడుపల్లె కాడ కల్వర్టు కింద మందుగుండు పెట్టినారంట. ఈ సాయంత్రం సోల్జర్ల రైలొస్తే పేల్చేస్తారంట. ఆయన కుప్పం స్టేషన్లో కాచుకోనుండి, నేరం మనిద్దరి మీదికి తోస్తాడంట."

"నాకెందుకు చెబుతున్నారు?"

"నా ఏడుపు రాయనన్నారు గదా."

ట్రంక్ కాల్ చేద్దామంటే లైన్లో వినేది గోపాలస్వామి మనుషులే. పోలీస్ స్టేషన్‌కు వెళితే తాళం వేసేదీ వాళ్లే. వరప్రసాద్ మోటార్ సైకిల్ స్టార్ట్ చేశాడు. శాలువా కప్పుకుని దయామణి వెనక ఎక్కింది. పుంగనూరు దాటారు, వెంకటగిరికోట దాటారు. రోడ్డు పక్కన ఆగి చూసిన ప్రతి మనిషీ నిఘావాడిలాగే కనిపించాడు.

గుడుపల్లె చేరేసరికి రైలు కూత వినబడింది. కల్వర్టుకు కొంచెం దూరంలో, రైల్వే కూలీ వేషంలో ఒకడు స్విచ్ పెట్టె ముందు కూర్చుని ఉన్నాడు. దయామణి ఒంటరిగా అతని దగ్గరికి నడిచింది.

"బావి ఎండిపోయింది," అంది. పొద్దున విన్న కోడ్ వర్డ్ అదే.

వాడు ఉలిక్కిపడ్డాడు. "వాన రేపొస్తాది. యాల వచ్చినావమ్మా, ఏం పని?"

"గోపాలస్వామి అయ్య ఆపమన్నాడు. ఇది ఉత్త సరుకు బండంట. సోల్జర్లు వెనక బండిలో వస్తాండారంట."

వాడు అనుమానంగా రైలు వైపు చూశాడు. కిటికీల నిండా సైనికుల టోపీలు. స్విచ్ మీదికి చెయ్యి పోయింది. నొక్కాడు.

ఏమీ కాలేదు. కల్వర్టు కింద వరప్రసాద్ చేతిలో తెగిన వైరు వేలాడుతోంది. నెత్తి మీద ఇంజను ఉరుముతూ వెళ్లిపోయింది.

కుప్పం స్టేషన్ వెయిటింగ్ రూంలో పేలుడు కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్న గోపాలస్వామికి రైలు వచ్చి ఆగిన చప్పుడు వినబడింది. తర్వాత వినబడింది బేడీల చప్పుడు. గుడుపల్లె స్టేషన్లో రైలెక్కిన వరప్రసాద్ తెగిన వైరు చూపించి అంతా చెప్పగా, రైల్లోని మేజర్ ఆ పని స్వయంగా చేశాడు.

గోపాలస్వామి స్థానంలో వచ్చిన కొత్త అధికారి ఇద్దరినీ పిలిచి మెచ్చుకున్నాడు. బర్నబాస్‌ను విడుదల చేయించాడు.

"రైలును కాపాడింది ఆ మైక్రోఫోనే. ఇకమీదట జిల్లా అంతా పెడతాం," అన్నాడు ఉత్సాహంగా.

వరప్రసాద్ రాజీనామా ఇచ్చాడు. యుద్ధం ముగిసేదాకా చెల్లదన్నారు.

దయామణితో అతనికి ఒక సొంత మాట ఉంది. ఏ గదినీ నమ్మలేక, ఆమెను పుంగనూరులో చెనక్కాయల నూనె మిల్లు దగ్గరికి తీసుకెళ్లాడు. ఆ హోరులో ఏ యంత్రానికీ ఏమీ వినబడదు.

"నన్ను పెళ్లి చేసుకుంటారా?"

"ఏమంటాండారు?"

మళ్లీ అడిగాడు. ఆమె చెవి దగ్గర చెయ్యి పెట్టి, వినబడలేదన్నట్టు తల అడ్డంగా ఊపింది. మూడోసారి గొంతు చించుకుని అరిచాడు. సరిగ్గా అప్పుడే మిల్లు ఆగింది.

ఆమె కంటే ముందు పుంగనూరు బజారే జవాబిచ్చింది. "సరేననమ్మా!"