చలిదేశపు పుట్టగొడుగులు

ముల్లు నూట నలభై దాటింది.

అమర్నాథ్ పికప్ హాయిల్ రోడ్డు మీద దూసుకుపోతోంది. ఎక్కడో ముందు పోలీసు జీపు... అందులో ఖాజావలి! రియాద్ చేరిందా, మనిషి ఇక చిక్కడు.

గోధుమ ఫారంలో అమర్నాథ్ పంట తెగుళ్ల ఆఫీసరు. ఖాజావలి డ్రైవరు, కడప మనిషి. కనుచూపు మేర ఇసుక. అందులో తెలుగు మాట్లాడే గొంతులు రెండే. ఆ రెండోది పోతే... తలుచుకుంటేనే ప్రాణం ఉసూరుమంటోంది.

పిచ్చి మారాజు, ఏం చేశాడని? కువైట్ యుద్ధం అయ్యాక సంతలో విదేశీ సైనికుల పాత కోట్లు అమ్మారు. చలికి ఒకటి కొన్నాడు. జేబులో ఎండు పుట్టగొడుగుల పొట్లం! వానలకు ఇక్కడి ఇసుకలో దొరికే తినే పుట్టగొడుగు, ఫగ్గా కాబోలనుకుని, శుక్రవారం కూరకని ఉంచాడు. చెక్‌పోస్టులో దొరికిపోయాడు.

మత్తు పుట్టగొడుగులట!

ఇదేమిటో చెప్పమని పోలీసులు ఒకటి ఫారానికి పంపారు. అమర్నాథ్ చూడగానే పోల్చాడు. ఉత్తరాన చలిదేశాల్లో, తడి పచ్చికలో తప్ప అది మొలవదు. ఆ మాటంటే? బయటినుంచి తెచ్చినట్టే. స్మగ్లింగ్... తల తెగుతుంది! జవాబు పంపకుండానే బండెక్కాడు, నోటితోనే చెబుదామని.

పొద్దు కుంకింది. మగ్రిబ్ నమాజుకి జీపు ఆగి తీరుతుంది. అతని ఆశంతా అదే.

ఆగింది!

బేడీలతో ఖాజావలి లోపల కూర్చుని ఉన్నాడు.

"అన్నం తిన్యారా సార్?"



నమాజు ముగించి వచ్చిన కెప్టెన్‌కి అమర్నాథ్ తనెవరో చెప్పాడు. ఆ పుట్టగొడుగులెక్కడ మొలుస్తాయని కెప్టెన్ ఇంగ్లీషులో అడిగాడు.

"మా ఫారంలోనే. వాన పడ్డాక, పేడ ఎరువు మీద."

"ఖాయమేనా?"

"ఖాయం. ఇతను తెలియక ఏరుకున్నాడు."

 కెప్టెన్ తాళంచెవి తీసి ఖాజావలి బేడీలు విప్పాడు.

హమ్మయ్య... బతికాడు!

చల్లటి ఇనుము. అవే బేడీలు... అమర్నాథ్ చేతులకి!

"సంతలో ఇంకో మూడు కోట్లలో ఇవే దొరికాయి," అన్నాడు కెప్టెన్. "ఇక్కడ మొలవవని ఒక నిపుణుడు చెబితే చాలు, సైనికుల సరుకని కేసు మూసేసేవాళ్ళం. మీరు పండిస్తున్నారని ఇప్పుడేగా తెలిసింది."

 ఇక ఏం చెప్పినా నమ్మరు.

జీపు కదిలింది. దుమ్ములో పడుతూ లేస్తూ ఖాజావలి జీపు వెంట పరిగెత్తుకొస్తున్నాడు.

"సార్... నేనింక ఎవురితో మాట్లాడల్ల సార్?"