నరసప్ప వేలిముద్ర

మేరి మెట్లెక్కి వచ్చేసరికి ప్రభావతి టైపు మిషన్‌కు రిబ్బను మారుస్తోంది. ఆదోని పత్తికొట్ల వీధిలో, ఒక కొట్టు మీది గదిలో, భీమసేనరావు ప్రైవేటు డిటెక్టివ్ అని బోర్డు పెట్టి అప్పటికి ఆరేళ్లు. అంతకు ముందు ఆయన కోర్టులో గుమాస్తా. మూడేళ్లుగా ఆయనకు సహాయకురాలిగా ఉన్న ప్రభావతి, ఆయన చూపు ఆగినచోట తన చూపు ఎందుకు ఆగదో అని ఇప్పటికీ ఆశ్చర్యపోతూనే ఉంటుంది.

వచ్చినామె నర్సు. తెల్లచీర చెంగుతో మాటిమాటికీ మొహం తుడుచుకుంటోంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నన్ను దొంగంటాండారు సార్," అంది.

ఎమ్మిగనూరు అవతల ఒక పల్లెలో చిన్న దవాఖానా. అక్కడ ఉన్నది డాక్టరు వెంకటసుబ్బయ్య, కాంపౌండరు విఠల్, మేరి, అంతే. కిందటేడు, ఎమర్జెన్సీలో, అక్కడ కుటుంబ నియంత్రణ శిబిరం జరిగింది. ఆ శిబిరం రిజిస్టరు పోయిన శుక్రవారం బీరువాలోంచి మాయమైంది. ఆ రోజు డాక్టరు మేరిని టీకాలు వేయడానికి హొళగుందకు పంపాడు. బీరువా తాళం చెక్కు చెదరలేదు. తాళంచెవి మేరి మెళ్లోనే ఉంది. డాక్టరు పోలీసులకు కాగితం రాసిచ్చాడు, ఆమెను ఉద్యోగంలోంచి ఆపేశారు.

ఆ రిజిస్టరుతో ఎవరికి పని అని భీమసేనరావు అడిగాడు. నరసప్పకు అంది మేరి. అతను జిన్నింగు మిల్లులో పత్తి బేళ్లు మోసే మనిషి. శిబిరం నాడు జ్వరం మందు కోసం వస్తే, సూది వేస్తామని మంచమెక్కించి ఆపరేషన్ చేసేశారు. అప్పటికి అతనికి పెళ్లి కూడా కాలేదు. ఇప్పుడు సుంకులమ్మ అనే పిల్లతో సంబంధం కుదిరింది. చేసిన ఆపరేషన్ మళ్లీ విప్పి సరిచేస్తారని విని కర్నూలు వెళ్తే, జిల్లా జాబితాలో నీ పేరే లేదని తిప్పి పంపారు. అతని చేత వేలిముద్ర వేయించింది మేరే. పేర్లు మాత్రం డాక్టరు సాయంత్రం తీరిగ్గా రాసుకున్నాడు.

"పుస్తకం తీసి సూపిస్తానని వానికి మాట ఇచ్చినా సార్. మర్నాడే పోయింది."

మరునాడు ముగ్గురూ బస్సెక్కి ఆ ఊరు వెళ్లారు. విఠల్ నవ్వు మొహంతో ఎదురొచ్చి, తాళాలు తీసి, అన్నీ చూసుకోండన్నాడు. బీరువా కర్రది. తాళం అడుగున కాగితాలు పెట్టే గూటికే; పైన తలుపుల్లేని అరల్లో మందుసీసాలు నిండుగా ఉన్నాయి. మేరి వాటిని చూసి నొసలు చిట్లించింది. తాను రోజూ వాడేవి కింద అరలో పెట్టుకునేది. ఇప్పుడు విషపుమందుల సీసాలన్నీ విడిగా పై అరలో, చీటీలు ముందుకు తిరిగి ఉన్నాయి. భీమసేనరావు ఏమీ అనకుండా బీరువాకూ గోడకూ మధ్య టార్చి వేసి చాలాసేపు చూశాడు. గోడకు అంటించిన శిబిరం సూచనలు కూడా ఓపిగ్గా చదివాడు. ఆపరేషన్ అయినవారు వారం రోజులు బరువులెత్తరాదు, సైకిలు తొక్కరాదు. అందులో చూసేందుకేముందో ప్రభావతికి అర్థం కాలేదు.

తిరిగి వస్తూ మిల్లు దగ్గర నరసప్పను కలిశారు. మాట్లాడుతున్నంతసేపూ అతను నేల చూస్తూనే ఉన్నాడు. ఎడమ బొటనవేలి మీద, బేలుకు కట్టే ఇనుప పట్టీ కోసిన పాత మచ్చ అడ్డంగా ఉంది.

"ఆ పిల్లకు అబద్ధం సెప్పి కట్టుకోలేను సార్. నిజం సెప్పినా. వాళ్ల నాయన, బలవంతాన సేసినారని కాగితం తెమ్మంటాండాడు," అన్నాడు.

ఆ తరవాత రెండు రోజులు భీమసేనరావు లైబ్రరీలో పాత పత్రికలు తిరగేశాడు. శిబిరం మరునాటి పత్రికలో సమితి నాయకుడు రామలింగయ్య ఫోటో ఉంది. జనానికి ఆదర్శంగా మొదటి ఆపరేషన్ తానే చేయించుకున్నాడట. మెడలో దండతో మంచం మీద పడుకుని నవ్వుతున్నాడు. ఆ పై రోజు పత్రికలోనూ ఆయన ఫోటోనే. ప్రభావతి రెండూ చూసి, ఈయనకు ఫోటోల పిచ్చి అని మాత్రం అంది.

రామలింగయ్యను ఆ ప్రాంతంలో ఎరగని వాళ్లు లేరు. ఎమర్జెన్సీలో ఊళ్ల వెంట జీపులు పంపించి మనుషుల్ని పట్టించినవాడు ఆయనే. ఢిల్లీలో ప్రభుత్వం మారగానే కండువా మార్చి, ఎమర్జెన్సీ బాధితుల విచారణ సంఘానికి అధ్యక్షుడయ్యాడు. మీ సంఘానికి ఒక ఫిర్యాదు ఉంది, దయచేయమని భీమసేనరావు కబురు పెడితే సంతోషంగా ఒప్పుకున్నాడు.

శనివారం పొద్దున దవాఖానాలో అందరూ కూడారు. డాక్టరు, విఠల్, మేరి, నరసప్ప, ఎస్.ఐ. వచ్చారు; అక్కడున్న ఒకే ఒక చేతుల కుర్చీలో రామలింగయ్య కూర్చున్నాడు.

భీమసేనరావు ముందు బీరువాను ముందుకు లాగమన్నాడు. నిండు సీసాలతో అది కదల్లేదు. సీసాలన్నీ దించాకే కదిలింది. వెనక చెక్కకు నాలుగు మూలలా కొత్త మేకులు తళతళలాడుతున్నాయి, తక్కినవన్నీ తుప్పు పట్టినవి. దొంగకు తాళంచెవి అవసరం లేదని, తాళంచెవి ఉన్న మేరికి చెక్క ఊడదీసే అవసరం లేదని ఆయన చెప్పాడు. సీసాలు దించినవాడు తిరిగి పెట్టేటప్పుడు అలవాటు కొద్దీ విషపుమందులు వేరు చేసి పైన పెట్టాడు. అది కాంపౌండర్లకు నేర్పే పద్ధతి.

విఠల్ గోడకు ఆనుకున్నాడు.

"ఆ పుస్తకంలో అంత దాచాల్సిందేమిటి?" భీమసేనరావు పత్రికలు రెండూ బల్ల మీద పరిచాడు. మొదటి దాంట్లో రామలింగయ్య మంచం మీద. రెండో దాంట్లో, సరిగ్గా మరునాడు, కుటుంబ నియంత్రణ ప్రచారానికి ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు సైకిలు యాత్ర. అందరి కంటే ముందు సైకిలు తొక్కుతున్నది రామలింగయ్య. "కోత పడిన మనిషి మర్నాడే పద్దెనిమిది మైళ్లు తొక్కలేడు. డాక్టరుగారి సూచనలు గోడ మీదే ఉన్నాయి. లెక్క కుదరాలంటే రామలింగయ్య పేరుకు ఎదురుగా ఒక ఆపరేషన్ జరిగి తీరాలి. ఇక్కడ పేరు లేని ఆపరేషన్ ఒకటి ఉంది."

ప్రభావతి నరసప్ప వైపు చూడలేకపోయింది. రెండు ఫోటోలూ ఆ రోజు తాను చూసినవే కదా, తనకెందుకు తట్టలేదని అనుకుంది.

విఠల్ చేతులు జోడించి ముందుకొచ్చాడు. ఒక్కొక్క ఉద్యోగి ఇద్దర్ని ఆపరేషన్‌కు తేకపోతే జీతం ఆపుతామన్నారని, నరసప్పను మంచం దాకా తెచ్చింది తానేనని ఒప్పుకున్నాడు. పుస్తకం డాక్టరు తీయమంటే తీసి రామలింగయ్య మనిషికి ఇచ్చాడు. కానీ ఒక పేజీ ఇవ్వలేదు. "రేప్పొద్దున నా మెడకు సుట్టుకుంటే సూపించాలని సింపి పెట్టుకుంటి," అని జేబులోంచి మడత తీశాడు.

మొదటి వరసలో రామలింగయ్య పేరు, పక్కన ఎడమ బొటనవేలి ముద్ర. ముద్రకు అడ్డంగా తెల్లటి గీత. భీమసేనరావు సిరాదిమ్మె తెరిచి నరసప్ప వేలు కాగితం మీద ఒత్తాడు. పోల్చడానికి భూతద్దం కూడా అక్కర్లేకపోయింది.

డాక్టరు తల దించుకున్నాడు. రామలింగయ్య మాత్రం కదల్లేదు.

"రావుగారూ, డాక్టరు రాసుకున్న తప్పుకు నేనేం సేసేది?" అన్నాడు.

ఎస్.ఐ. టోపీ సర్దుకున్నాడు. ఆపరేషన్ చేయించుకోకపోతే ఏ సెక్షన్ కింద రాయమంటారని అడిగాడు. పేజీ దొరికింది విఠల్ జేబులో కాబట్టి విఠల్‌ను తీసుకుపోయాడు. వాడి చేత చేయించిన డాక్టరు మాటేమిటని ప్రభావతి అడిగితే, పైవాళ్లు చూసుకుంటారన్నాడు. పైవాళ్లు డాక్టరును బదిలీ చేశారు. వెళ్లేముందు, భీమసేనరావు గట్టిగా నిలదీస్తే, నరసప్పకు నిజం రాసి సంతకం పెట్టిచ్చాడు. మేరిని తిరిగి ఉద్యోగంలోకి తీసుకున్నారు. రామలింగయ్య సంగతి రాస్తూ కలెక్టరుకు మూడు రిజిస్టర్డు ఉత్తరాలు వెళ్లాయి. ఒక్కదానికీ జవాబు లేదు.

ఇరవై రోజుల తరవాత పత్రికలో ఫోటో పడింది. ఎమర్జెన్సీ బాధితుడికి న్యాయం చేయించిన సంఘాధ్యక్షుడు రామలింగయ్య, నరసప్ప భుజం మీద చెయ్యి వేసి నవ్వుతున్నాడు. ప్రభావతి పత్రికను బల్ల మీద విసిరికొట్టింది. మనం ఇంత చేశాక నరసప్ప ఆ రామలింగయ్య పక్కన ఎలా నిలబడ్డాడని మండిపడింది.

మధ్యాహ్నం నరసప్పే వచ్చాడు. గడప దగ్గరే ఆగిపోయాడు.

"కర్నూల్లో మంచం ఖాళీ లేదన్నారు సార్. రామలింగయ్య ఉత్తరం తెస్తే ఇస్తామన్నారు. ఫోటో తీసినాకనే ఉత్తరం ఇచ్చినాడు."

 ప్రభావతి పొద్దుటి కోపానికి సిగ్గుపడి కుర్చీ లాగి అతన్ని కూర్చోబెట్టింది. ఆపరేషన్ ఎప్పుడని భీమసేనరావు అడిగాడు. సోమవారం. మళ్లీ పిల్లలు పుడతారని ఖాయంగా చెప్పలేమన్నారట. అయినా సుంకులమ్మ తండ్రి తోడు వస్తానన్నాడు.

"ఆమె యేమంటాది?" ప్రభావతి మెల్లగా అడిగింది.

"యేమన్నా కానీ రమ్మనింది," అని నరసప్ప మొదటిసారి తలెత్తాడు.

అతను వెళ్లిపోయాక భీమసేనరావు పత్రిక తీసుకుని ఫోటో కత్తిరించాడు. దాన్ని ఉత్తరాల ఫైల్లో పెట్టాడు. 

"మిషన్లో కాగితం ఎక్కించమ్మా. కలెక్టరుగారికి."

"నాలుగోసారా సార్?"

"నాలుగోసారి. ఈసారి మూడు నకళ్లు తియ్యి."

ప్రభావతి కార్బన్లు సర్ది, తేదీ కొట్టింది.